తెల్లకాగితం మీద సంతకం

జనవరి 4

అక్కకు నమస్కారాలు.

నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో మోకాలి గురించి అడిగితే నువ్వు "ఆఁ, ఇప్పుడే తిన్నాను" అంటున్నావు, అందుకని ఉత్తరాల్లోకి దిగాను. నీకు వినికిడి తగ్గినప్పటి నుంచి నా చేతిరాత బాగుపడిందని మా గుమాస్తా అంటున్నాడు.

నా సంగతి వింటే నవ్వుతావు. ఏప్రిల్ ముప్పయ్యో తేదీన రిటైరవుతాను కదా, ఈ నాలుగు నెలలూ కాలు మీద కాలేసుకుని కూర్చుందామనుకున్నాను. మొన్న బడి కమిటీ కార్యదర్శి గారు పిలిచి, "బడి పెట్టి నూట పదేళ్ళయింది మేస్టారూ, చరిత్ర పుస్తకం వెయ్యాలి. మీకంటే ఎవరికి తెలుసు? పుస్తకం పూర్తి చేసి, ఈ ఏడు ఫలితాలు కూడా ఎప్పట్లా చూపించి, నవ్వుతూ వెళ్దురుగాని" అన్నారు. ఆయన ఏది చెప్పినా చిరునవ్వుతోనే చెబుతారు. ఆ రెండూ అయ్యేదాకా రిలీవింగ్ ఆర్డరు రాదని నాకు గది దాటాక అర్థమైంది.

అదీ వరస. రోజంతా ఆఫీసు గదిలోనే ఉంటున్నాను. నువ్వు చూసిన గదే, కాకపోతే అప్పటికీ ఇప్పటికీ ఐదు అలమారాలు పెరిగి కిటికీని సగం మూసేశాయి. మిగతా సగంలోంచి పక్క బిల్డింగు గోడ కనిపిస్తుంది. నా కుర్చీ వెనక హెడ్మాస్టర్ల పేర్ల బోర్డు. పెయింటరు వచ్చి కొలత తీసుకుని, "ఇంకొక్క పేరుకే చోటుంది సార్, మీ తర్వాతాయన సంగతి నాకు తెలీదు" అన్నాడు. ఎదురుగోడకి ఫలితాల బోర్డు. యాభై మూడు వరసలు, ప్రతి వరసలోనూ నూటికి నూరు. మొట్టమొదటి వరస ఏ సంవత్సరానిదో తెలుసా? నీ బ్యాచ్! ఇన్నేళ్ళూ ఆ బోర్డు ఎదురుగా కూర్చున్నాను గానీ ఈ సంగతి నాకు నిన్ననే తట్టింది.

అందుకని నువ్వొక రెండు పేజీలు రాయాలి. నువ్వు చదివిన రోజులు, నాన్న గంట కొట్టే రోజులు, అప్పటి హెడ్మాస్టరు గడియారం మేస్టారు గేటు దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్ళని పట్టుకునే రోజులు. వీడ్కోలు సభకి కూడా రావాలి. బడి అటెండరు కూతురు, మొదటి నూటికి నూరు బ్యాచ్ విద్యార్థిని, హెడ్మాస్టరు అక్కగారు. వేదిక మీద నిన్ను కూర్చోబెడితే నాన్న ఎంత సంతోషించేవాడో.

మనవరాలికి ఈ ఏడు పదో తరగతి పరీక్షలు కదా. నా ఆశీస్సులు చెప్పు.

నీ తమ్ముడు


జనవరి 11

ఒరేయ్ చిన్నా,

ఉత్తరం అందింది. మోకాలు ఉంది, ఇంకా నాతోనే ఉంది. మిషను తొక్కితే నొప్పి, తొక్కకపోతే ఇంకా నొప్పి, అందుకని తొక్కుతున్నాను. ఎదురింటావిడ గౌను తెచ్చి, నువ్వు బిగుతుగా కుట్టావని దెబ్బలాడింది. అది నేను కుట్టి నాలుగేళ్ళయిందమ్మా, గుడ్డ పెరగదు కదా అన్నాను. అలిగి వెళ్ళింది. రేపు మళ్ళీ వస్తుందిలే, ఈ వీధిలో ఇంకో కుట్టుమనిషి లేదు.

రెండు పేజీలు రాయడం నా వల్ల కాదు. యాభై ఏళ్ళ కిందటివి నాకేం గుర్తుంటాయి? గంట మోగేది, వెళ్ళేవాళ్ళం. గంట మోగేది, వచ్చేవాళ్ళం. ఇది చాలు, రాసుకో. వేదికలూ దండలూ నాకొద్దు. అంతదూరం బస్సులో కూర్చోలేను కూడా.

ఆ పాత అలమారాలు ఎందుకు కెలుకుతావురా? అసలే నీకు దుమ్ము పడదు. చిన్నప్పుడు చాప దులిపితేనే నాలుగు రోజులు దగ్గేవాడివి. చరిత్ర అంటే ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, ఎన్ని గదులు, అంతే కదా. అవి గుమాస్తాని అడిగితే చెబుతాడు.

మనవరాలికి లెక్కలంటే చలిజ్వరం. కోడలు తిడుతుంది, కొడుకు ముద్దు చేస్తాడు, దానికి నేనొక్కదాన్నే దిక్కు. నేను ఫస్టు క్లాసులో పాసయ్యానే, నా మనవరాలివి నువ్వు తప్పుతావా అని రోజూ చెబుతున్నాను. ఆ మాట విన్నాక కాసేపు కుదురుగా కూర్చుని లెక్కలు చేస్తుంది.

దుమ్ములో కూర్చోకు. ముక్కుకి రుమాలు కట్టుకో.

అక్క


జనవరి 17

అక్కా,

నమస్కారాలు కూడా రాయబుద్ధి కావడం లేదు.

మన బడిలో పిల్లల్ని చేర్చే రోజున తల్లో తండ్రో ఒక తెల్లకాగితం అడుగున సంతకం పెట్టి ఇవ్వాలి, నీకు గుర్తుండే ఉంటుంది. పైన అంతా ఖాళీ. ఎప్పుడే దరఖాస్తు అవసరమైనా వాళ్ళని పని మానిపించి బడి చుట్టూ తిప్పకూడదని గడియారం మేస్టారు పెట్టిన ఏర్పాటు. చాలా కాగితాలు ఖాళీగానే ఉండిపోతాయి. పదో తరగతిలో గట్టెక్కరనిపించిన వాళ్ళ కాగితాల మీద మాత్రం హాల్‌టికెట్ల జాబితా వెళ్ళేలోపు ఒక వాక్యం పడుతుంది. "కుటుంబ కారణాల వల్ల మా బిడ్డను బడి మాన్పించుచున్నాము, టి.సి. ఇప్పించ ప్రార్థన." ఇక ఆ పిల్ల పేరు మన జాబితాలో ఉండదు. తప్పేవాళ్ళే లేనప్పుడు నూటికి నూరు కాక ఇంకేమవుతుంది?

మొదటి వరస నీ బ్యాచ్‌దని మురిసిపోయి, ఆ ఏడాది కట్ట వెతికి తీశాను. పైన దారం పుచ్చిపోయి ఊడి వచ్చింది. లోపల ఆరు కాగితాలు. మూడోది నీది.

కింద నాన్న సంతకం. ఆ వంకర అక్షరాలు నేను పోల్చుకోలేనా? పైన గడియారం మేస్టారి ముత్యాల్లాంటి రాత. నువ్వసలు పరీక్ష రాయనే లేదు కదా అక్కా. అర్ధసంవత్సర లెక్కల్లో నీకు ఇరవై తొమ్మిది వచ్చాయని వెనక పెన్సిల్‌తో రాసి ఉంది. ఆరు మార్కులు. పాసుకి తక్కువైన ఆ ఆరు మార్కుల కోసం నిన్ను తీసేశారు. చదవడం రాని మనిషి చేత సంతకం పెట్టించుకుని, ఆయనకి తెలియకుండా ఆయన కూతురినే బయటికి పంపించారు. ఆయనేమో సాయంత్రం దాకా వాళ్ళకి గంట కొట్టాడు.

ఈ ఏటివి నాలుగు నా బల్ల మీద ఉన్నాయి. వాటి పని కూడా చూడకుండా రెండు గంటల సేపు నీ కాగితం పట్టుకుని కూర్చున్నాను.

నేనిది పుస్తకంలో రాస్తాను. మొదటి అధ్యాయం నీదే. నీ పేరుతో సహా, మార్కులతో సహా రాస్తాను. యాభై మూడేళ్ళకైనా నీకు న్యాయం జరగాలి. నన్నెవరూ ఆపలేరు.

నీ తమ్ముడు


జనవరి 23

చిన్నా,

రాయొద్దు. ఇంకేం చదవకపోయినా ఈ ఒక్క మాట చదువు. రాయొద్దు.

నాకు న్యాయం కావాలని నేనెప్పుడైనా అడిగానా? మీ బావకి నేను పదో తరగతి పాసైన పిల్లనని చెప్పి పెళ్ళి చేశారు. ఆయన పోయేదాకా ఊళ్ళో అందరికీ మా ఆవిడ ఫస్టు క్లాసు అని చెప్పుకున్నారు. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకో తెలుసా? ఆ ఏడాది మీ బడిలో అందరూ పాసయ్యారు కదా, బోర్డు మీద రాశారు కదా! ఆ బోర్డే నా సర్టిఫికెట్టు. ఇప్పుడు నువ్వు పుస్తకం అచ్చువేసి పంచితే నా కోడలు చదువుతుంది, నా మనవరాలు చదువుతుంది. రెండు నెలల్లో పరీక్షకి కూర్చోబోయే పిల్లకి, నువ్వు నమ్ముకున్నది ఉత్త కట్టుకథ అని చెప్పమంటావా?

నాన్నకి తెలియదని ఎవరన్నారు నీకు? నాన్నకి తెలుసు. గడియారం మేస్టారు మంచివాడురా, చాటున ఏదీ చెయ్యలేదు. నాన్నని గదిలోకి పిలిచి చదివి వినిపించాడు. వచ్చే ఏడు నీ కొడుకుని మూడో తరగతిలో చేర్చమని అడుగుతున్నావు, కూతురు బడి పేరు పోగొడితే నేను కమిటీకి ఏ మొహంతో చెప్పను అన్నాడు. నాన్న ఇంటికొచ్చి నా ముందు కూర్చుని చాలాసేపు నీళ్ళు నమిలాడు. నేనే అడిగి చెప్పించాను. సరే అన్నది నేనే. నాకు పదిహేనేళ్ళు, నీకు ఏడు. నువ్వు అప్పటికే గోడల మీద బొగ్గుతో లెక్కలు చేసేవాడివి.

ఇంకోటి కూడా విను. ఆ సంతకం నాన్నకి నేర్పింది నేను. నన్ను బడిలో చేర్చినప్పుడు వేలిముద్ర వేశాడు. నాలుగేళ్ళకి పేరు రాయడం నేర్పించాను. అప్పుడు ఆఫీసుకి వెళ్ళి, వేలిముద్ర తీసేసి సంతకం పెడతానని కొత్త కాగితం అడిగి పుచ్చుకుని మరీ పెట్టి వచ్చాడు. ఆ రోజు నాన్నా, గడియారం మేస్టారూ నవ్వుకున్నారట.

నేనివన్నీ కడుపులో పెట్టుకున్నాను, బాధ ఎప్పుడో ఆరిపోయింది. నువ్వు ఆ బడికే హెడ్మాస్టరు అయిన రోజున, ఇంక ఆ కాగితాల పని ఆగిపోయింది, ఆ గదిలో నా తమ్ముడు కూర్చున్నాడు కదా అనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి, నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఈ ఏటివి నాలుగు నా బల్ల మీద ఉన్నాయి అని రాశావు. ఏ నాలుగు? బల్ల నీదే కదా? నువ్వు కూడానా?

వెంటనే జవాబు రాయి.


జనవరి 29

అక్కకు,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నేను కూడా. అవును.

మొదటి ఏడాది మానేద్దామనే అనుకున్నాను. కార్యదర్శి గారు చిరునవ్వుతో ఆ బోర్డు చూపించి, "ముప్పై తొమ్మిదేళ్ళు నిలిచింది మేస్టారూ, మీ చేతుల్లో పడిపోవాలా?" అన్నారు. అటెండరు కొడుకుని హెడ్మాస్టరుని చేశాక అప్పుడే గొంతెత్తడం ఎందుకు, ఈ ఒక్క ఏడాదికి కానిద్దాం అనుకున్నాను. రెండో ఏడాదికి చెయ్యి అలవాటు పడింది. వాళ్ళు బయటి నుంచి పరీక్ష కట్టుకోవచ్చు కదా, మనం చదువు ఆపడం లేదు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజంగా ఎంతమంది కట్టారో నాకు తెలీదు. ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు.

నిన్న లెక్కపెట్టాను. పద్నాలుగేళ్ళు, అరవై ఒక్క కాగితాలు. అన్నీ నా రాతే. అందులో వాక్యం కూడా నేను కొత్తగా అల్లింది కాదు, గడియారం మేస్టారిదే, "మాన్పించుచున్నాము" అన్న పాతకాలపు మాటతో సహా. ఆ కింద ఉన్న సంతకాలన్నీ ఎవరో ఒకరు ఎవరికో నేర్పించినవేనని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

నీ కాగితం చూసి పదిహేడో తేదీన అంత ఆవేశపడ్డాను కదా. అదే బల్ల మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఈ నాలుగూ ఉన్నాయి. నాకు సిగ్గుగా ఉంది అక్కా.

ఈ నలుగురి సంగతి చెబుతాను. ఒకడు లారీ డ్రైవరు కొడుకు, ఇంగ్లీషులో మాటే పెగలదు. ఇద్దరు కవల అమ్మాయిలు, తల్లి ఆసుపత్రిలో ఆయా. నాలుగోది తాపీమేస్త్రీ కూతురు, లెక్కలు. జాబితా ఫిబ్రవరి ఐదున కమిటీ ముందుకి వెళ్ళాలి. ఈ నలుగురూ పరీక్ష రాసి ఒక్కరు తప్పినా యాభై మూడేళ్ళ వరస నా చివరి ఏడాదిలో తెగుతుంది. రిలీవింగ్ ఆర్డరు ఇవ్వరు. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఉపాధ్యాయులు కూడా చేరే రోజున తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇస్తారు. నేను ఇరవై నాలుగేళ్ళప్పుడు ఉద్యోగం దొరికిన ఆనందంలో కళ్ళు మూసుకుని పెట్టాను. అవి ఈ అలమారాల్లో ఉండవు, కార్యదర్శి గారింట్లో ఉంటాయి. మొన్న మాటల మధ్య, "మీ కాగితం కూడా భద్రంగా ఉంది మేస్టారూ" అన్నారు. చిరునవ్వుతోనే.

కదలడానికి దారి కనిపించడం లేదు. గది కూడా ఇరుకైపోయినట్టు ఉంది, తలుపు ఉబ్బి సగమే తెరుచుకుంటోంది, పక్కకి తిరిగి బయటికి రావాల్సి వస్తోంది. పుస్తకంలో నీ గురించి రాయను, మాటిస్తున్నాను. ఈ నాలుగు కాగితాలూ ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 9

అక్కకు,

నువ్వు జవాబు రాయలేదు. ఫోను చేస్తే నీ కోడలు తీసి, అత్తయ్య మిషను మీద ఉన్నారు బాబాయిగారూ అంది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ మిషను మీదే ఉన్నావు.

ఐదో తేదీన నేను రాయనన్నాను. ఇది నీకు చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. కమిటీ గదిలో లేచి నిలబడి, ఈ నలుగురూ పరీక్ష రాస్తారు, ఈ కాగితాలు నేను నింపను అన్నాను. గొడవ అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. కార్యదర్శి గారు, "మీకు ఒంట్లో బాగోలేనట్టుంది, కూర్చోండి" అని నా చేతిలో కాగితాలు నెమ్మదిగా తీసుకుని అసిస్టెంట్ హెడ్మాస్టరుకి ఇచ్చారు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నాలుగు కాగితాలూ నింపడానికి పది నిమిషాలు పట్టింది. పాత కాగితం ఒకటి పక్కన పెట్టుకుని చూసి రాశాడు.

సంతకం ముందే ఉంది కదా అక్కా. పైన ఎవరు రాస్తే ఏమిటి? నేను కాదంటే ఆగుతుందని ఇన్నాళ్ళూ లోపల ఎక్కడో నమ్మకం ఉండేది. వాళ్ళకి నా చెయ్యి అక్కర్లేదు, నేను పక్కకి తప్పుకుంటే చాలు.

మర్నాడు నలుగురికీ టి.సి.లు ఇచ్చేశారు. తాపీమేస్త్రీ కూతురు నా గది గుమ్మం దాకా వచ్చింది. "సార్, మా నాన్న బడి మాన్పించమన్నాడంట కదా, ఆయన ఏమీ అనలేదు సార్ నాతో" అంది. ఆయన్నే అడుగమ్మా అన్నాను. ఏం చెయ్యను, నా నోట్లోంచి అదే వచ్చింది.

నేను కాదన్నానని మాత్రం నువ్వు తెలుసుకుంటే చాలు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 14

చిన్నా,

కాదన్నానని నాకు చెప్పుకోవడానికి రాశావా? సంతోషం. ఆ మాట చెప్పి ఇంటికి పోయి భోజనం చేశావు. ఆ పిల్ల ఇంటికి పోయి నాన్న మొహం చూసి ఉంటుంది. ఆయన నేనేం అనలేదమ్మా అంటే, అది నమ్ముతుందా? మన ఇంట్లో కనీసం నాన్న నాకు నిజం చెప్పాడు. ఆ ఇంట్లో తండ్రి మీద అబద్ధం పెట్టి వచ్చావు.

ఏం చెయ్యమంటావు అని నన్నడుగుతున్నావు. అరవై ఏళ్ళొచ్చాయి నీకు. పదిహేనేళ్ళప్పుడు నన్ను ఎవరూ ఏం చెయ్యమంటావని అడగలేదు, నేనే తేల్చుకున్నాను.

ఒక్కటి అడుగుతాను. ఆ ఐదు అలమారాల తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

అక్క


ఫిబ్రవరి 27

అక్కకు నమస్కారాలు.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి. పద్నాలుగేళ్ళుగా నా మొలకే ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చిన వారానికి తల్లిదండ్రుల సమావేశం పడింది. ఏటా ఆ రోజు నేను గంటసేపు క్రమశిక్షణ మీద మాట్లాడతాను, వాళ్ళు నిద్రపోతారు. ఈసారి మాట్లాడలేదు. గుమాస్తా, నేను కలిసి పొద్దున్నే బడిలో ఉన్న పిల్లలందరి కాగితాలూ తరగతుల వారీగా బల్లల మీద సర్దాం. వచ్చినవాళ్ళని వచ్చినట్టు లైనులో నిలబెట్టి, ఇది మీ సంతకం, పట్టుకెళ్ళండి, ఇంకెప్పుడూ ఖాళీ కాగితం మీద పెట్టకండి అని ఇచ్చేశాను. ఎందుకిస్తున్నారో చాలామందికి అర్థం కాలేదు. ఒకాయన, ఇది పోతే మా వాడి సీటు పోతుందా సార్ అని తిరిగి ఇవ్వబోయాడు. అర్థమైన ఒకావిడ అక్కడే నా మొహం మీద అడిగింది, "అయితే మా పెద్దోడి కాగితం ఏమైంది?" అని. ఆరేళ్ళ కిందటిది. నేనే నింపాను.

అదే రోజు పరీక్షల కార్యాలయానికి వెళ్ళి, ఆ నాలుగు దరఖాస్తులూ తల్లిదండ్రులు రాసినవి కావని నా చేత్తో రాసి ఇచ్చాను. ఆయానీ, తాపీమేస్త్రీనీ కూడా వెంటబెట్టుకెళ్ళాను. కవలలిద్దరికీ, మేస్త్రీ కూతురికీ హాల్‌టికెట్లు వస్తాయి. లారీ డ్రైవరు కొడుకు దొరకలేదు. టి.సి. ఇచ్చిన మూడో రోజునే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి, కుర్రాణ్ణి ఎక్కడో పనిలో పెట్టి వెళ్ళిపోయారట. ఎక్కడికో ఇంటి ఓనరుకి తెలియదు.

రెండు రోజుల తర్వాత నా కాగితం వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ నా సంతకం, కింద పెద్ద గీతతో సహా. పైన, కుటుంబ కారణాల వల్ల ఉద్యోగం మానుకొనుచున్నాను అని ఉంది. ఎవరి రాతో పోల్చుకోలేకపోయాను. చదువుతుంటే నవ్వొచ్చింది. ముప్పై ఆరేళ్ళకి సభ లేదు, బోర్డు మీద పేరు లేదు. పుస్తకం అసిస్టెంట్ హెడ్మాస్టరు రాస్తాడట. నేనిచ్చిన ఫిర్యాదు విచారణ తేలేదాకా రావాల్సినవి కూడా ఆపారు. క్వార్టర్సు మార్చి పదికల్లా ఖాళీ చెయ్యాలి.

నాకు పెళ్ళాం పిల్లలు లేరని నువ్వే కదా ఎప్పుడూ బాధపడేదానివి. సామాను పెద్దగా లేదు, రెండు పెట్టెలు, పుస్తకాలు. కొన్నాళ్ళు నీ దగ్గర ఉండనా? మనవరాలికి లెక్కలు చెబుతాను. ఇక్కడ వీధిలో నడవలేకపోతున్నాను, ఎవరు ఎదురొచ్చినా ఆ అరవై ఒక్క మందిలో ఎవరి తల్లో, ఎవరి తండ్రో అనిపిస్తోంది.

నీ తమ్ముడు


మార్చి 5

చిన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బాగా చేశావు. ఆ మాట ముందు చెప్పాలి. నాన్న ఉంటే నిన్ను చూసి భయపడేవాడు, తర్వాత గర్వపడేవాడు.

మనవరాలికి నిజం చెప్పాను. నువ్వు చెయ్యగా లేనిది నేను చెయ్యలేనా అని రోషం వచ్చింది. మిషను ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని, నేను పదో తరగతి పాస్ కాలేదే, పరీక్షే రాయలేదు అన్నాను. కోపం వస్తుందనుకున్నాను. అది ఏడుస్తుందేమో, ఇంక నేను చెప్పే మాట వినదేమో అని భయపడ్డాను. అది పుస్తకం మూసి, మొత్తం చెప్పు అంది. నీ సంగతి, నాన్న సంగతి, సంతకం సంగతి అన్నీ చెప్పాను. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి వింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. యాభై మూడేళ్ళుగా నేను దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

అంతా విన్నాక మనవరాలు ఒకటే అడిగింది. "తర్వాత ఆ బడి వాళ్ళెవరైనా మీ ఇంటికొచ్చారా నానమ్మా?"

ఎవరూ రాలేదురా. నీకు ఇదెప్పుడూ చెప్పలేదు. సరే అన్నది నేనే గానీ, ఎవరో ఒకరు వస్తారని నాకు లోపల ఉండేది. గడియారం మేస్టారు కాకపోతే లెక్కల టీచరైనా వచ్చి, ఏమ్మా, బయటి నుంచి కట్టు, నేను చెబుతాను అంటుందని. పుస్తకాలు అట్టలు వేసి గూట్లోనే పెట్టుకున్నాను. నువ్వు బడికి వెళ్ళొచ్చేవాడివి, నాన్న వెళ్ళొచ్చేవాడు, ఆ బడిలోంచి రోజూ ఇద్దరు మనుషులు మన ఇంటికి వచ్చేవాళ్ళు, నా కోసం మాత్రం ఎవరూ రాలేదు. మూడేళ్ళు చూశాను. తర్వాత పెళ్ళయింది.

కాబట్టి ఇప్పుడే ఇక్కడికి రాకు. నీ మీద కోపంతో కాదు. నా కాగితం నువ్వు రాయలేదు, నన్ను నువ్వు అడగాల్సింది ఏమీ లేదు. నా ఇంట్లో కూర్చుంటే నేను నీకు తమ్ముడి మర్యాదలు చేస్తాను, మనవరాలు లెక్కలడుగుతుంది, నువ్వు హాయిగా మర్చిపోతావు. నిన్ను నాకు తెలియదా?

ఆ ఊళ్ళోనే చిన్న గది ఒకటి తీసుకో. అరవై ఒక్క మంది, ఆ డ్రైవరు కొడుకుతో కలిపి అరవై రెండు. ఒక్కొక్కరింటికీ వెళ్ళు. తిడతారు, తలుపు వేస్తారు, కొందరు నిన్ను గుర్తుపట్టను కూడా గుర్తుపట్టరు. వాళ్ళకి ముప్పై ఏళ్ళు వచ్చినా సరే, పిల్లలు పుట్టినా సరే, పరీక్ష కడతావా, నేను వచ్చి చెబుతాను అని అడుగు. వద్దంటే సరే అని వచ్చెయ్యి. అందరి ఇళ్ళూ అయ్యాక నా దగ్గరికి రా, అప్పుడు ఎన్నాళ్ళున్నా ఉండు.

ముందు ఆలస్యం చెయ్యకుండా బయలుదేరు. వాళ్ళలో ఎవరో ఒకరు ఇంకా చూస్తూ ఉంటారు.

అక్క